మేకపోతుపై ఏసురత్నం మేష్టారి సంగ్రామం

శ్రీకరంబగు కృష్ణా మండలపు మెరక సీమలో, మామిడితోటలను వడ్డాణముగా, ఎర్రదుమ్మును కిరీటముగా ధరించి విరాజిల్లు తిరువూరు పట్టణమున, వెయ్యిన్ని తొమ్మిదివందల డెబ్బది నాలుగవ వత్సరమున, ఎండ పొద్దెక్కకముందే కొరడా పుచ్చుకొని బయలుదేరిన ఈస్టరు ఆదివారమునాడు, ఎలిమెంటరీ పాఠశాలాధ్యక్షుడును, రేకులకప్పు గుడికి సంఘపెద్దయును, బెత్తధారియును అగు ఏసురత్నం మేష్టారు ఒంటరిగా సాగించిన ఘోరసంగ్రామమును చెబుతున్నాను, చెవి ఒగ్గండి. ఇందులో రథాలు, ఏనుగులు లేవు. ఒక మేకపోతు మాత్రం ఉంది.

ఆ గుడిలో ఒక ఆచారం. ఈస్టరుకు ముందటి నలభై రోజుల శ్రమకాలంలో నీచు ముట్టని పది కుటుంబాలు కలిసి పండక్కి ఒక మేకపోతును తెస్తాయి. ఆరాధన జరుగుతుండగానే లాజరు గుడి వెనక దాన్ని కోసి, టేకాకుల మీద పది పోగులు పెడతాడు. ముందు వచ్చినవాడు కోరిన పోగు ఎత్తుకుపోవచ్చు. లాజరు చెయ్యి న్యాయమైనదే గాని, మేకకు కార్జం ఒక్కటే. అది పడిన పోగుకూ, మెడ ఎముకలూ గిట్టలూ పడిన పోగుకూ నడుమ ఉన్నది పరలోక పాతాళాల దూరం.

కిందటేడు పాస్టరు అయ్యగారు చేతులెత్తి, కళ్లు మూసి, ఆశీర్వాదం పలికి తెరిచేసరికి గుడిలో ముసలి హన్నమ్మ ఒక్కతే మిగిలింది. పారిపోయిన సేనకు ముందు నడిచినవారు సాక్షాత్తూ ఏసురత్నం మేష్టారే. ఆ సిగ్గు ఆయన్ని ఏడాది పొడుగునా కొరుక్కు తిన్నది. అందుచేత ఈ ఏడు, పండక్కి వారం ముందటి మట్టలాదివారంనాడు ఆయన లేచి, ఉత్తరీయం సవరించుకొని, గుడి రేకులు దద్దరిల్లేలా శపథం చేశారు.

"సహోదరులారా, సమాధిని గెలిచిన ప్రభువును తెల్లవారుజామున గొంతెత్తి స్తుతించి, పొద్దెక్కగనే గుడిలో ఒంటరిగా విడిచి మేకపోతును వెంబడించితిమి. ఈ ఏట పండుగ నడుమ ప్రభువే యుండవలెను. ఆశీర్వాదము ముగియువరకు నా కాలు గాని, నా మనస్సు గాని ఈ గడప దాటదు. దాటినచో పెద్దరికము విడిచెదను."

కాలి సంగతి ఎలా ఉన్నా, మనసును కూడా పందెంలో పెట్టడం ఆ మహావీరుడు చేసిన పొరపాటు. ఆయన ఇంటికి రాగానే భార్య జ్ఞానమణి నిలదీసింది.

"కాలు కదపకపోతే మానె. పండక్కి విస్సన్నపేట నుంచి మా అన్నయ్య వస్తున్నాడు. కార్జం వేపుడు లేకపోతే ఆయన మొహం ఎట్టా చూడమంటారు?"

"ఆత్మకు వేపుడుతో నిమిత్తము లేదు, జ్ఞానమణీ."

"ఆత్మకు లేదండి. మా అన్నయ్యకుంది."

ఈస్టరు ఆదివారం వేకువన సంఘమంతా సమాధుల తోటకు వెళ్లి, కొవ్వొత్తులు వెలిగించి పాడి వచ్చింది. అంతవరకు శత్రువు నిద్రలో ఉన్నాడు. ఎనిమిదింటికి ఆరాధన మొదలైంది. పెద్దరికపు ఆసనం గుమ్మానికి అందరికంటే దూరంగా ఉంటుంది గనుక, మేష్టారు ఆరంభంలోనే వ్యూహంలో ఓడిపోయి ముందు వరసలో కూర్చున్నారు. గుడి వెనక మొద్దు మీద లాజరు కత్తి టక్కుమంది. ఆయన చెవులు లొంగిపోయాయి. కాసేపటికి గడ్డిమంటలో తలకాయ కాల్చే వాసన కిటికీలోంచి చతురంగ బలంతో చొరబడగా, నలభై రోజులుగా పప్పూ పచ్చడీ తప్ప ఎరుగని ఆ నాసికాదుర్గం క్షణంలో కూలింది. అంతలో అయ్యగారు ఆయన్నే ప్రార్థన చేయమన్నారు.

"ప్రభువా, ఈ పునరుత్థాన దినమున మా కార్జములను నీ సన్నిధిని పరచుచున్నాము" అన్నారు మేష్టారు, హృదయములను అనబోయి.

సంఘమంతా ఏమాత్రం తొట్రుపడకుండా ఆమేన్ అంది. అందరి మనసులూ అక్కడే ఉన్నాయి మరి. ఆడవాళ్ల వైపు జ్ఞానమణి మాత్రం ఒక కన్ను తెరిచి చూసింది.

ప్రసంగం గంటసేపు సాగింది. మేష్టారు మనసును జుట్టు పట్టుకొని ఖాళీ సమాధి దగ్గరికి ఈడ్చుకొస్తారు, అది పట్టు విడిపించుకొని టేకాకుల దగ్గరికి పరుగెడుతుంది. ఇలా పద్నాలుగు సార్లు. చివరికి అయ్యగారు, "ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లుంటే చెప్పండి" అన్నారు. ఎవరూ లేవకూడదని గుడి యావత్తూ ఏకమనస్సుతో కోరుకుంది. హన్నమ్మ లేచింది. 'ఈ ముసలమ్మకు ఈ రోజే దొరికిందా' అనుకున్నారు సంఘపెద్ద.

"నాకు చదువు రాదండి," అంది హన్నమ్మ. "మా అబ్బాయి రాయప్ప పోయి మూడు నెలలైంది. పొద్దున ఆ మట్టి మీద కొవ్వొత్తి పెడితే గాలికి ఆరిపోయింది. మళ్లీ ముట్టించా. మళ్లీ ఆరింది. నా ఒక్కదానికే ఏంటి ప్రభువా ఇట్టా అని అక్కడే కూలబడ్డా. ఇంతలో తెల్లారిపోయింది. ఇక దీపంతో పనేముందిలే అని లేచి వచ్చేశా. అంతేనండి."

ఆమె ఆగకుండా, బొంగురు గొంతుతో పాట ఎత్తుకుంది. మొదటి చరణంలో ఎవరూ కలవలేదు. మూడోదానికి గుమ్మం దగ్గర ఒక కాలు చెప్పులో పెట్టిన జోజప్ప కూడా గొంతు కలిపాడు. నాలుగో చరణానికి మేష్టారి కళ్లు నిండాయి. కత్తి చప్పుడు లేదు, వాసన లేదు, విస్సన్నపేట బావమరిది లేడు. తెల్లవారిపోయింది, అంతే. ఆయనకు చాలా సంతోషం వేసింది.

చరణం అయిపోయింది. మేకపోతు తిరిగి వచ్చింది.

ఆశీర్వాదానికి ఆమేన్ పడగానే సేన వెనకవాకిటికి ఉరికింది. మేష్టారు మాట ప్రకారం అందరికంటే చివర లేచి, అయ్యగారి ముందు తల వంచుకుని నిలబడ్డారు.

"కాలు నిలిచింది అయ్యగారూ, మనసు నిలవలేదు. నాలుగో చరణం తప్పితే తతిమ్మాదంతా మేకే. పెద్దరికం ఇంకెవరికైనా ఇవ్వండి."

అయ్యగారు బైబిలు మూసి, కిటికీ వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఊరుకోండి మేష్టారూ. ప్రసంగం చెప్పిన నాకు ఆ చరణం కూడా దక్కలేదు."

గుడి వెనక మెడ ఎముకలూ నాలుగు గిట్టలూ మిగిలాయి. వాటిని టేకాకులో చుట్టి, ఎండలో ఎర్రదుమ్ము రేపుకుంటూ, విజయలక్ష్మీ సమేతుడై కాకపోయినా జ్ఞానమణీ సమేతుడై ఆ ధీరోదాత్తుడు ఇంటికి నడిచాడు.

కాబట్టి జనులారా, దుందుభులు మోగించండి. ఆ ఈస్టరు ఆదివారం, తిరువూరు రేకుల గుడిలో, మూడు గంటల ఆరాధనలో, ఒక పాటలో, ఒక్క చరణం సేపు, క్రీస్తు లేచాడని ఏసురత్నం మేష్టారు నిజంగా సంతోషించారు.