చెయ్యి జమ కాలేదు

సోమవారం ఉదయం పది గంటల ఏడు నిమిషాలకు (కేంద్రం గోడ గడియారం ప్రకారం) వాచీల మార్పిడి కేంద్రం మూడో కౌంటరులో ఒక స్టీలు వాచీ నడవడం లేదని రాతపూర్వకంగా ధ్రువీకరించారు. అంతకుముందు గురువారం అదే కౌంటరులో ఇచ్చినప్పుడు అది నడిచింది. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆగిపోవడానికి కారణం అదే.

ఒక వస్తువు ఇచ్చి ఇంకో వస్తువు తెచ్చుకోవడానికి మనిషికి మూడు సంతకాలు అవసరమైన రోజున నాగరికత మొదలైందని చెప్పాలి. మార్పిడి కేంద్రం ఆ దశ ఎప్పుడో దాటింది. అక్కడ ఏడు సంతకాలు కావాలి.

వాచీ యజమాని వంతెనల ఇంజనీరు. రిటైరై రెండేళ్ళయింది. ముప్పై ఒక్క ఏళ్ళు వంతెనల కింద దూరి పగుళ్ళు వెతికాడు. ఒక పెద్ద వంతెన పూర్తయిన రోజున తోటి ఇంజనీర్లంతా కలిసి ఆ వాచీ ఇచ్చారు. ఖరీదైన కంపెనీది. బరువు నూట తొంభై గ్రాములు, మందం పదిహేను మిల్లీమీటర్లు. మూడు వందల మీటర్ల లోతు నీళ్ళలో కూడా పనిచేస్తుంది. (ఇంజనీరు మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. ఈత రాదు.)

దానితో ఒకటే ఇబ్బంది. చొక్కా కఫ్ దాని మీద పట్టదు. అందుకని ఆయన ఎడమ కఫ్ ఎప్పుడూ విప్పే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇంట్లో తీసిన ప్రతి ఫొటోలోనూ కుడి కఫ్ గుండీ పెట్టి ఉంటుంది, ఎడమది వేలాడుతుంటుంది. కూతురు పట్టా అందుకున్న ఫొటోలో ముందు కఫ్, తర్వాత పట్టా కనిపిస్తాయి.

వాచీ తీసేస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇంజనీరు భార్య ఇరవై ఆరేళ్ళుగా అడుగుతోంది. తీస్తే చెయ్యి గాల్లోకి లేచిపోతున్నట్టుంటుందని ఆయన జవాబు.

భార్య హెడ్‌మిస్ట్రెస్. వచ్చే శుక్రవారం రిటైరవుతోంది. పదకొండుకి సభ, పదకొండున్నరకి గ్రూప్ ఫొటో. ఆ ఫొటో స్కూలు ఆఫీసు గదిలో గోడకి పెడతారు.

"నాకు బహుమతి వద్దు, మీ ఉపన్యాసం అసలే వద్దు," అంది ఆవిడ. "ఒక్కటి చెయ్యండి. ఆ ఫొటోలో విప్పిన కఫ్ ఒక్కటి కూడా కనబడకూడదు. నా తర్వాత వచ్చే ఆవిడ రోజూ చూస్తుంది."

"సన్న వాచీ తీసుకుంటాను. ఇది ఇస్తే అది ఇస్తారట."

"ఇరవై ఆరేళ్ళకి జ్ఞానోదయం అయిందన్నమాట. ఫొటో పదకొండున్నరకి. అది కూడా రాసుకోండి."

కేంద్రానికి వెళ్ళేముందు యాప్‌లో టోకెను తీసుకోవాలి. మన ముందు ఎంతమంది ఉన్నారో యాప్ చెబుతుంది. ఇంజనీరుకి సున్నా అని చెప్పింది. హాల్లో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళ యాప్‌లు కూడా సున్నా అనే చెప్పాయి.

దరఖాస్తులో ఎనిమిదో ప్రశ్న: 'గట్టి వాచీని విడిచి సున్నితమైన వాచీ కోరుటకు కారణము.' మూడు జవాబులు ఇచ్చారు. పదోన్నతి, వివాహము, స్వభావములో మార్పు. మొదటి రెండూ ఆయనకి అయిపోయాయి. మూడోదాని మీద టిక్కు పెట్టాడు. దానికి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ కావాలి.

"మీ స్వభావం మారిందని నేను సంతకం పెట్టాలా?" అంది భార్య. "తప్పుడు సాక్ష్యం కిందికి వస్తుందేమో కనుక్కోండి."

"ఎప్పటి నుంచి మారిందో కూడా రాయాలి."

"శుక్రవారం నుంచి అని రాస్తాను. అప్పటికి మారకపోతే నన్ను అడగొద్దు."

సంతకం పెట్టింది. గురువారం ఇంజనీరు వాచీ అప్పగించాడు. దాన్ని సంచీలో పెట్టి, లక్క వేసి, బీరువాలో పరిశీలనకి ఉంచారు. నాలుగో నిబంధన ఇలా ఉంది: 'నడుచు వాచీలు మాత్రమే మార్పిడికి అర్హములు. మూడు దినములు జమలో నడిచినచో నడిచినట్లు భావించబడును.' ఇంజనీరు వాచీలేని చేత్తో ఇంటికి వచ్చాడు. సాయంత్రం కాఫీ కప్పు ఎత్తితే అది తిన్నగా ముక్కుకి తగిలింది. నూట తొంభై గ్రాములకి అలవాటైన చెయ్యి అంత బలంతో లేపింది.

సోమవారం లక్క విప్పారు. వాచీ ఆగి ఉంది.

"అనర్హం," అంది మూడో కౌంటరు అధికారిణి.

"ఒక్కసారి మెకానిక్‌ని పిలవండి," అన్నాడు ఇంజనీరు.

మెకానిక్ వెనక గదిలోంచి వచ్చాడు. పెద్దాయన. కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే చూశాడు.

"ఇది ఆటోమేటిక్ అండీ. చెయ్యి కదిలితేనే లోపల చక్రం తిరుగుతుంది. బీరువాలో పెడితే రెండు రోజులకి ఆగక ఏం చేస్తుంది? చేతి గడియారం కదా. చెయ్యి లేకుండా ఎలా నడుస్తుంది?"

ఆయన ఆ మాట నవ్వుతూనే అన్నాడు. అధికారిణి నవ్వలేదు. దరఖాస్తు తెరిచింది.

"వస్తువు పేరు దగ్గర మీరేం రాశారు?"

"చేతి గడియారం," అన్నాడు ఇంజనీరు.

"గడియారం ఒక్కటే ఇచ్చారు. చెయ్యి జమ కాలేదు."

"మేడమ్, నేనేదో మాట వరసకి అన్నాను," అన్నాడు మెకానిక్.

"మాట వరసకి అన్నా నిబంధన వరసలో పడింది." ఆవిడ ఇంజనీరు వైపు తిరిగింది. "లోటు జమ కింద ఇప్పుడు కూడా ఇవ్వచ్చు."

"చెయ్యి ఒక్కటే ఎలా ఇస్తానమ్మా?"

"దానికి అతుక్కుని ఉన్నవాటికి మాకు అభ్యంతరం లేదు."

మధ్యలో మానుకుంటే వాచీ 'విడిచిపెట్టిన వస్తువు' అవుతుందని ఆవిడ చదివి వినిపించింది. ఇంజనీరు లెక్క వేసుకున్నాడు. మంగళవారం పదకొండుకి మొదలుపెడితే శుక్రవారం పదకొండుకి మూడు దినాలు పూర్తి. అక్కడి నుంచి స్కూలు ఇరవై నిమిషాలు. సభ పోతుంది, ఫొటో దొరుకుతుంది.

మంగళవారం ఆయన్ని జమ చేసుకున్నారు. రసీదులో 'చెయ్యి, ఎడమ, ఒకటి. స్థితి: వాడినది' అని రాశారు. బరువు గడి ఖాళీగా వదలకూడదు కనుక తూకం మీద నిలబెట్టారు. డెబ్భై ఒక్క కిలోలు, వాచీతో కలిపి. జమ నంబరు చీటీ చొక్కా గుండీకి కట్టారు. ఫోను దగ్గరుంటే దాని అయస్కాంతం వాచీని పాడుచేస్తుందని పెట్టెలో పెట్టి తాళం వేశారు.

"ఆగిన వాచీ కదా, టైము పెట్టండి," అంది అధికారిణి.

మెకానిక్ తలెత్తి గోడ గడియారం చూసి, సరిగ్గా పదకొండు పెట్టి, వాచీని ఇంజనీరు చేతికి కట్టాడు. (ఆ గోడ గడియారం ఇరవై రెండు నిమిషాలు వెనక నడుస్తుంది. ఈ సంగతి కేంద్రంలో అందరికీ తెలుసు కనుక ఎవరూ ఎవరికీ చెప్పరు. దాన్ని సరిచేయాలంటే యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి. కేంద్రం దానికి యజమాని కాదు. అది గోడతో పాటు అద్దెకి వచ్చింది.)

జమ గదిలో నాలుగు బీరువాలు, ఒక కుర్చీ ఉన్నాయి. బీరువాల్లో లక్క వేసిన సంచులు. వాటిలో ఆటోమేటిక్ వాచీలన్నీ ఆగి ఉన్నాయి. ఇంజనీరు కుర్చీలో కూర్చున్నాడు. గంటకోసారి అధికారిణి తలుపు తీసి, రిజిస్టరులో 'నడుచుచున్నది' అని రాసి వెళ్ళేది.

"కొంచెం కదపండి," అంది ఒకసారి.

ఆయన చెయ్యి ఊపాడు.

"అలా కాదు. సహజంగా."

సహజంగా చెయ్యి ఎలా కదుపుతారో ఆలోచిస్తూ ఇంజనీరు మధ్యాహ్నం దాకా కదపలేదు. బాత్‌రూముకి వెళ్ళాలంటే 'జమ వస్తువు తరలింపు' ఫారం నింపాలి. గమ్యం, తిరిగి వచ్చు సమయం రాయాలి. రెండోది ఎవరూ కచ్చితంగా చెప్పలేరని అంటే, ఉజ్జాయింపుగా రాసి కింద సంతకం పెట్టమన్నారు.

ఇంజనీరు ఉజ్జాయింపుగా రాసి సంతకం పెట్టాడు. ఉద్యోగంలో ఉండగా ఆయన కూడా కొత్త వంతెన మీద ఇసుక లారీలు నిలబెట్టి మూడు రోజులు కదలనిచ్చేవాడు కాదు. డ్రైవర్లు దిగొచ్చి, "పరీక్ష వంతెనకి కదా సార్, మేమెందుకు?" అని అడిగేవాళ్ళు. "బరువు మీరేనయ్యా," అని చెప్పేవాడు.

సాయంత్రం అయిదుకి వాచీ లాకర్లోకి, ఫోనుతో పాటు చెయ్యి ఇంటికి. పొద్దున పదికి చెయ్యి తిరిగి రావాలి.

"ఇవాళ ఏం చేశారు?" అని భార్య అడిగింది.

"నడిచాను."

"ఎంత దూరం?"

"కుర్చీలోనే."

శుక్రవారానికి ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఆవిడ ఎడమ కఫ్ గుండీ మీద దారం ఇంకో నాలుగు చుట్లు తిప్పింది. ఆ చొక్కాకి మిగతా గుండీలన్నీ పాతబడ్డాయి, అదొక్కటే కొత్తగా ఉంది.

బుధవారం కేంద్రం తలుపు తీసేసరికి ఫోనులో పది ఇరవై రెండు అయింది. ఆఫీసన్నాక ఆ మాత్రం ఆలస్యం ఉంటుందని ఇంజనీరు అనుకున్నాడు. గురువారం కూడా పది ఇరవై రెండుకే తీశారు. ఆలస్యంలో కూడా ఇంత క్రమశిక్షణ తన శాఖలో ఎప్పుడూ చూడలేదనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మెకానిక్ సన్న వాచీ తెచ్చి చూపించాడు. తెల్లటి ముఖం, రెండు ముళ్ళు, తోలు పట్టీ. మందం ఆరు మిల్లీమీటర్లు.

"రోజూ తాళం ఇవ్వాలి. నీళ్ళు తగలకూడదు, దెబ్బ తగలకూడదు. ఎండలో వద్దు, చెమటలో వద్దు," అన్నాడు.

"మరి ఇది దేనికి తట్టుకుంటుందండీ?"

"కఫ్ కింద పెడితే తట్టుకుంటుంది."

శుక్రవారం ఇంజనీరు తెల్లచొక్కాతో వచ్చాడు. ఎడమ కఫ్ విప్పే ఉంది, కింద స్టీలు వాచీ. పదకొండు కొట్టగానే అధికారిణి వచ్చి ఆయన చేతిని గోడ గడియారం పక్కన పెట్టి పోల్చింది. రెండూ ఒక్క సెకను తేడా లేకుండా ఉన్నాయి. 'సమయపాలన: సంపూర్ణము' అని రాసి ఏడో సంతకం పెట్టింది. జమ చీటీ కత్తిరించింది. మెకానిక్ సన్న వాచీకి తాళమిచ్చి, గోడ గడియారం చూసి టైము పెట్టి, ఆయన చేతికి కట్టాడు.

ఇంజనీరు కఫ్ కిందికి లాగాడు. గుండీ పెట్టాడు. పట్టింది. అధికారిణి, మెకానిక్ చూస్తూ ఉన్నారు.

"పెళ్ళికొడుకులా ఉన్నారండీ," అన్నాడు మెకానిక్.

ఫోను పెట్టెలోంచి తీసి ఇచ్చారు. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. అందులో ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చేతికి కొత్త వాచీ ఉండగా టైము కోసం ఫోను తీసే మనిషి ఉండడు. ఆటోలో నాలుగు సార్లు గుండీ విప్పి టైము చూసుకున్నాడు. నాలుగు సార్లూ మళ్ళీ పెట్టుకున్నాడు.

స్కూలు హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. గుమ్మంలో బావమరిది ఎదురయ్యాడు.

"ఇప్పుడా రావడం బావా?"

ఇంజనీరు కఫ్ విప్పి చూశాడు. "పదకొండు ఇరవై నాలుగు. ఇంకా ఆరు నిమిషాలుంది."

"ఏ దేశంలో?"

బావమరిది తన ఫోను ముందుకి చాపాడు. పదకొండు నలభై ఆరు.

ఇంజనీరు భార్య వేదిక మెట్ల దగ్గర చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉంది. పక్కన కాగితంలో చుట్టిన బహుమతి ఒకటి, వద్దన్నదే, ఉంది. ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఆయన ఎడమ చెయ్యి తీసుకుని, కొత్త వాచీ చూసి, కఫ్ దాని మీదికి లాగి, గుండీ తనే పెట్టింది.

"పది నిమిషాలు ఆపాను," అంది. "ఫొటోగ్రాఫరుకి ఇంకో చోట పని ఉందట."

బావమరిది ఫొటో చూపించాడు. అందులో ముప్పై నాలుగు మంది ఉన్నారు. ముందు వరసలో హెడ్‌మిస్ట్రెస్ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఇంజనీరు ఫొటోని పెద్దది చేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. విప్పిన కఫ్ ఒక్కటి కూడా లేదు.