వేపమండల బడి

రండి, దగ్గరికి జరగండి. నిలబడి వింటే కథ కాళ్ళలోకి దిగిపోతుంది, కూర్చోండి. ఆ మూలన గుసగుసలు ఆపండమ్మా, మీ ఎనుము ఈనిందో లేదో కథ అయ్యాక మాట్లాడుకోవచ్చు. నేను చెప్పేదాంట్లో అబద్ధం అరశేరుకు మించదు. మిగతాదంతా నిజం. కావాలంటే మా బావమరిది మీద ఒట్టు.

తిరుపతిలో రైలుగేటు దగ్గర సైకిళ్ళు బాడుగకిచ్చే కుప్పయ్య అని ఒకాయన ఉండేవాడు. అంగడిలో ఏడు సైకిళ్ళు. ఏడూ విప్పి కలిపితే మూడు మంచి సైకిళ్ళయ్యేవి. ఆయన భార్య పంకజాక్షి ఎనిమిదో తరగతి దాకా చదివింది. కుప్పయ్య సంతకం దాకా చదివాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, మునిలక్ష్మి. మునిసిపాలిటీ బడిలో ఆరో తరగతి. ఒకరోజు సాయంత్రం ఆ పిల్ల ఒక లెక్క దగ్గర ఆగిపోయింది. ఇద్దరు మనుషులు ఒక గోడను ఆరు రోజుల్లో కడితే, అదే గోడను నలుగురు ఎన్ని రోజుల్లో కడతారు?

"పన్నెండు దినాలు. రాసుకోమ్మా" అన్నాడు కుప్పయ్య.

"అదెట్లా నాయనా? మనుషులు పెరిగితే దినాలు తగ్గల్ల గదా?"

"నువ్వు గోడ కట్టేది యాడన్నా సూసినావా? ఇద్దురుంటే పని సేస్తారు. నలుగురు సేరితే ఇద్దురు మాట్లాడతారు, ఇద్దురు వింటారు. బీడీలకు వేరే టైం. పన్నెండు గూడా తక్కవే, పాపం పిల్లోళ్ళ లెక్క గదా అని తగ్గించి సెప్పినా."

మర్నాడు నోటుపుస్తకం మీద ఎర్రసిరాతో ఒక ముక్క వచ్చింది: 'ఈ లెక్క చేసిన పెద్దమనిషిని పిలుచుకొని రావలెను.'

పొగడటానికే పిలిచారనుకున్నాడు కుప్పయ్య. తలకు నూనె పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. లెక్కల అయివారు గోవిందస్వామి ఆయన్ని నల్లబల్ల ముందు నిలబెట్టి లెక్క వివరించమన్నాడు. కుప్పయ్య బీడీలతో సహా వివరించాడు. నలభైమంది పిల్లలు నవ్విన నవ్వుకు పైకప్పు మీది కాకులు చంద్రగిరి దాకా ఎగిరిపోయాయి.

"బిడ్డకేం బయంలేదు కుప్పయ్యా, పాసయిపోతాది" అన్నాడు గోవిందస్వామి. "నిన్నే ఇంగో రొండేండ్లు ఈడ కూర్చోబెట్టల్ల."

కుప్పయ్య బ్రేకుల్లేని సైకిలు మీద బ్రేకుల్లేని కోపంతో ఇల్లు చేరాడు.

"పంకజా! రాయి అర్జీ. టీసీ ఇచ్చెయ్యమను. నా బిడ్డ ఇంగ ఆ బడి గడప తొక్కేదిల్యా. ఇంట్లోనే సదువు!"

పంకజాక్షి చేతిలో గరిటె ఆగింది. "ఏమయ్యా, నీకేమన్నా గాలి సోకిందా? ఇరవై దినాల్లో అరపరీక్షలు పెట్టుకోని, నడిమద్దిలో పేరు కొట్టేయిస్తావా? మళ్ళా జూను దాకా సేర్చుకోరు. బిడ్డకు ఒక ఏడు గంగలో కలిసిపోతాది."

"పరీక్ష నేనే పెడతా. పాసు గూడా నేనే సేస్తా."

"సదువు సెప్పేదెవురు? నువ్వా?"

"నేనెందుకు? మనింటికి దినామూ దిగే సుట్టాలు లేరా?"

ఇది ఊరి సంగతి తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. తిరుపతిలో ఇల్లున్నవాడికి లోకమంతా చుట్టమే. కొండెక్కే ముందు ఒక రాత్రి, దిగాక ఒక రాత్రి. నాయుడుపేట నుంచి ఒకరు, పలమనేరు నుంచి ఒకరు, ఎవరో తెలియనివాళ్ళు ఇద్దరు. పెళ్ళయిన నాటి నుంచి పంకజాక్షి పొయ్యి చల్లారింది లేదు.

"ఊరికే తిని పోతా ఉండారు. తలా ఒక పాఠం సెప్పి పోనీ. అద్దీ నా ఉపాయం!" అన్నాడు కుప్పయ్య.

పంకజాక్షి మొగుణ్ణి కిందికీ పైకీ చూసింది. లోపలికి వెళ్ళి కాగితం రాసుకొచ్చింది. "ఇదో, సంతకం పెట్టు. బడికి నేనే పోయి ఇచ్చొస్తా."

కుప్పయ్య చదవకుండానే సంతకం పెట్టాడు. చదవమంటే మాత్రం ఏం చదువుతాడు?

బడి మొదలైంది. మొదటి అయివారు నాయుడుపేట మునిరామయ్య, కుప్పయ్యకు చిన్నాయన. ఆయనది భూగోళం. "పాపా, ఈ దేశంలో ముక్కెమైన ఊర్లు మూడు. నాయుడుపేట, అది మనూరు. తిరుపతి, ఇది మనసామి ఊరు. మద్రాసు, అది కోర్టుండే ఊరు. మిగిలిందంతా బస్సు కిటికీలో కనపడేదే." ఇంతవరకు చెప్పి గురకపెట్టాడు. భూగోళం రెండు పూటలు గురకలోనే తిరిగింది.

పలమనేరు చంద్రకాంతమ్మది సైన్సు. చింతపండు తింటే చెవిపోటు, చెవిపోటుకు మళ్ళీ చింతపండే. కుప్పం నుంచి ఎవరో వచ్చి పదహారో ఎక్కం అరవంలో చెప్పిపోయారు. తెలుగులో చెప్పిన దానికంటే అది నాలుగు ఎక్కువొచ్చింది.

బడిగంట వినబడినప్పుడల్లా మునిలక్ష్మి వీధివైపు చూసి కళ్ళు తుడుచుకునేది. కుప్పయ్య మాత్రం మీసం దువ్వి, "సూడే, ఇల్లు సరస్వతి గుడి మాదిర అయిపోయింది" అనేవాడు.

నాలుగోరోజు పొద్దున పంకజాక్షి వీధి తలుపుకు రెండు వేపమండలు కట్టింది.

"ఇదెందుకే?" అన్నాడు కుప్పయ్య.

"దిష్టికి. వీదంతా నీ గురించే మాటలు. ఇంత తెలివైన మనిసి నలుగురి కండ్లల్లో పడితే దిష్టి ఊరకుంటాదా?"

వేపాకు గుమ్మానికి ఎప్పుడు కడతారో కుప్పయ్యకు తెలియదా అంటే, తెలుసు. పిల్లకు అమ్మవారు పోసిన ఇంటికి కడతారు. కానీ పొగడ్త చెవిన పడ్డాక ఆ మనిషికి మిగతావేవీ తెలియవు.

ఆ మధ్యాహ్నమే కుప్పయ్య మేనమామ ధనంజయ పెళ్ళాంతో, మూడు మూటలతో జట్కా దిగాడు. గుమ్మం వైపు చూశాడు. చెంపలేసుకున్నాడు. పెళ్ళాన్నీ మూటల్నీ మళ్ళీ జట్కాలోకి ఎక్కించాడు.

కుప్పయ్య వెనకాలే పరిగెత్తాడు. "మామా! లెక్కల పీరియడు నీ కోసరమే పెట్టినా. దిగు మామా!"

"ఇంగోసారి వస్తాంలేప్పా!" అని ధనంజయ జట్కావాడి చేతిలోంచి కొరడా తీసుకుని తనే తోలుకుపోయాడు.

మర్నాడు ఇంకో ఇద్దరు వీధి మొగలోనే వెనక్కి తిరిగారు. వారం తిరిగేసరికి ఇంటికి కాకి కూడా రాలేదు.

"పంకజా, దిష్టి జాస్తి అయినట్టుండాది. సుట్టాలంతా జడుసుకోని పోతాండారు."

"మండలు సాల్లేదేమో!" అంది పంకజాక్షి, చేట చాటున నవ్వుకుంటూ.

కుప్పయ్య చెట్టెక్కాడు. కొమ్మలకు కొమ్మలు నరుక్కొచ్చి తలుపుకు, కిటికీకి, సైకిళ్ళకు కూడా కట్టాడు. ఇల్లు కనబడకుండా పోయింది. పోస్టుమాను రెండుసార్లు వేపచెట్టు అనుకుని దాటిపోయాడు.

ఇక అయివారు కుప్పయ్యే. పొద్దున పంచరు పాఠం, తర్వాత చరిత్ర. చరిత్ర అంటే బాడుగ సైకిళ్ళతో పారిపోయినవాళ్ళ పేర్లు. మధ్యాహ్నం ఆయన నిద్రపోగానే పంకజాక్షి కూతుర్ని వంటింట్లో కూర్చోబెట్టి అసలు పుస్తకాలు తెరిచేది. పెళ్ళయ్యాక మొదటిసారి వండిపెట్టాల్సిన చుట్టాల్లేరు ఆమెకు. తల్లీకూతుళ్ళు పరీక్ష దగ్గరపడేలోపే అరపరీక్ష పాఠాలన్నీ ముగించేశారు.

చిక్కంతా పక్కింటి గంగులమ్మతో వచ్చింది. రెండు మండలుంటే చిన్నమ్మవారు. ఇంత అడవి కట్టారంటే పెద్దమ్మవారే, మశూచే అనుకుంది ఆమె. ఆ రోజుల్లో మశూచి ఉన్న ఇల్లు చూపిస్తే సర్కారు బహుమానం ఇచ్చేది. గంగులమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా హెల్తాఫీసుకు పరిగెత్తింది.

శనివారం పొద్దున జీపు వచ్చి ఆగింది. టీకాల పెట్టెతో హెల్త్ ఇన్‌స్పెక్టరు దిగాడు. దారిలో బడిలో వాకబు చేశాడు కాబోలు, ఆయన వెనక, చేతిలో కాగితంతో, గోవిందస్వామి అయివారు దిగాడు.

"ఈ ఇంట్లో అమ్మవారు ఎవరికి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అమ్మవారా? మా ఇంట్లోనా? ఎవురు సార్ సెప్పింది?" అన్నాడు కుప్పయ్య.

"మీరే." ఇన్‌స్పెక్టరు కాగితం అందుకుని చదివాడు. "'మా అమ్మాయి మునిలక్ష్మికి అమ్మవారు పోసినందున ఇరవై దినములు సెలవు ఇప్పించవలెనని ప్రార్థన.' కింద సంతకం ఎవరిది?"

కుప్పయ్య వంగి చూశాడు. కాగితం చివరిదాకా తోక లాగిన సంతకం. అలా లాగేవాడు జిల్లాలో ఇంకొకడు లేడు.

"ఇది... టీసీ అర్జీ గదా?" అని పెళ్ళాం వైపు తిరిగాడు.

పంకజాక్షి దూలం వైపు చూస్తోంది.

"దొంగ లెటరు రాస్తే అది ఒక సంగతి. నిజమే అయితే ఇంకో సంగతి. ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"సెప్పయ్యా," అంది పంకజాక్షి మెత్తగా. "సంతకం పెట్టినోడివి నువ్వు. ఆడదాన్ని, నాకేం తెలుసు?"

కుప్పయ్య బయటికి చూశాడు. వీధంతా గుమ్మం ముందే ఉంది. "పోసింది సార్. చిన్నమ్మవారే. తగ్గిపోయింది."

"ఎన్ని పొక్కులు వచ్చాయి?"

"లెక్క పెట్టలేదు సార్."

"లెక్కలు ఆయన్నడగొద్దు సార్," అన్నాడు గోవిందస్వామి. "రొండు పొక్కులుంటే పన్నెండంటాడు."

ఇన్‌స్పెక్టరు మునిలక్ష్మిని పిలిచి ముఖం, చేతులు చూశాడు. "ఒక్క మచ్చ కూడా లేదే!"

"ఆ తల్లి దయ సార్" అని పంకజాక్షి దండం పెట్టింది.

"అయితే సోమవారం బడికి పంపండి."

"సోమవారమే అరపరీక్ష. బడిలో పేరు అట్నే ఉండాది, సెలవులో ఉండాది, అంతే" అన్నాడు గోవిందస్వామి. మునిలక్ష్మి అప్పుడే పుస్తకాలు, పెన్సిలు బాక్సు సర్దడానికి లోపలికి దూకింది.

"మరి నా ఇంటిబడి?" అన్నాడు కుప్పయ్య, ఎవరికీ వినబడనంత మెల్లగా.

"గమ్మున సొక్కా సెయ్యి మడుసు," అంది పంకజాక్షి. "సారు సూది తీసినాడు."

ఎట్లాగూ వచ్చాం గదా అని వీధి మొత్తానికీ టీకాలన్నారు. మొదటి టీకా సంతకం చేసినవాడికే. గంగులమ్మకు బహుమానం బదులు రెండోది. వరస గుమ్మం నుంచి రైలుగేటు దాకా సాగింది. కుప్పయ్య జబ్బ పట్టుకుని, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వేపమండల్లో పెట్టుకున్నాడు.

అప్పుడే రైలు దిగిన యాత్రికుడొకడు వరస కనబడగానే వచ్చి నిలబడ్డాడు. తిరుపతిలో వరస కనబడితే నిలబడటమే గదా. చేయి చాపాడు, పొడిపించుకున్నాడు, గోవిందా అన్నాడు. తర్వాత తుండుగుడ్డ దులుపుకుంటూ కుప్పయ్య దగ్గరికి వచ్చి అడిగాడు:

"సూదైతే పొడిసినారు గానీ, లడ్డు యాడ ఇస్తారన్నా?"