తొమ్మిది సెకన్ల నీళ్లు

మా అనంతపురం వైపు కరువు తీర్చేది కాలువలూ చెరువులూ కాదు, ఫ్రీ వీడియో ఎడిటింగ్ యాప్! నవ్వకండి. పైసా ఖర్చు లేదు, ఫోన్లో కాస్త చోటుంటే చాలు. ఇంతకంటే చవకైన నీటి పథకం ఎవరైనా పెట్టారా?

నమ్మకపోతే మా రామాంజి సంగతి వినండి. అప్పటికే మూడు బోర్లు ఎండిపోయిన చెనక్కాయ రైతు. నాలుగోది వేయించాడు. ఆరువందల నలభై అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. గబగబా ఫోను తీశాడు. తొమ్మిది సెకన్లు! తర్వాత మళ్లీ దుమ్మే.

పాపం, నాలుగోదీ పోయిందని బామ్మర్దులకు ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? సిగ్గుతో చచ్చిపోయి యాప్ తెరిచాడు. ఆ తొమ్మిది సెకన్లనే పదిసార్లు అతికించి నిమిషన్నర వరద పారించాడు. ఒక గీత జరిపితే ఎర్రమట్టి పచ్చబడింది, ఇంకో గీత జరిపితే ఆకాశానికి మబ్బు పట్టింది. వెనక హుషారైన పాట. సేవ్ చేసేముందు వాటర్ ఫిల్టర్ యాడ్ ఒకటి చూడాలి, అంతే. వానదేవుడికి ఇంతకంటే పెద్ద మొక్కులే మొక్కాం కదా!

రీలుగా పెడితే లక్షమంది చూశారు. బామ్మర్దులు "బావా, కొట్టినావ్ పో" అన్నారు. ట్యాంకర్లు పంపే సారు కూడా చూశాడు. చూసి, సంతోషించి, రామాంజి ఊరికి తాగునీటి ట్యాంకర్ ఆపేశాడు.

ఐదు రోజులు గడిచాయి. ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి ఎవరిదో తోట దగ్గర బతిమాలి బిందెడు తెచ్చుకుంటున్నారు. పక్కింటి గంగక్కకు అంత దూరం నడిచే వయసు కాదు. ఖాళీ బిందె తెచ్చి రామాంజి గడప ముందు పెట్టి కూర్చుంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రామాంజి సారు దగ్గరికి పరిగెత్తి, వచ్చింది తొమ్మిది సెకన్ల నీళ్లేననీ మిగతాది యాప్ పోసిందనీ ఒప్పుకున్నాడు. నోటిమాట చెల్లదు, ఎండిన బోరు వీడియో తెమ్మన్నాడు సారు. ఊరికి వచ్చి చూడొచ్చు కదా అంటారా? రావాలంటే ముప్పై కిలోమీటర్లు, రీలైతే బొటనవేలు చాలు! డీజిల్ ఆదా చేసే అధికారిని తప్పుపడతారా?

రామాంజి ఈసారి యాప్ జోలికి పోలేదు. బోరులో రాయి వేశాడు, నీటి చప్పుడే లేదు. బిందెల వరుస, గంగక్క ఎండిన పెదాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు తీశాడు. పాట లేదు, రంగు లేదు. సారు రెండుసార్లు చూసి పెదవి విరిచాడు.

"ఇది ఎడిటింగ్ అప్పా, తెలుస్తానే ఉండాది. మొదుట పెట్టినావే, అది నిజం మాదిరి ఉండాది."

అయినా దయగల మనిషి కాబట్టి, నమ్మేటట్టు ఇంకొకటి పంపమన్నాడు.

రామాంజి మళ్లీ యాప్ తెరిచాడు. నేలను ఇంకాస్త కాల్చాడు, ఏడుపు పాట ఒకటి వెతికి పెట్టుకున్నాడు. గంగక్కను బిందె బోర్లించి కాసేపు ఏడవమన్నాడు. మూడుసార్లు తీసినా కుదరలేదు. ఇంకొక్కసారి అక్కా అని బతిమాలాడు.

గంగక్క బిందె కింద పెట్టేసింది.

"గొంతు ఎండి వారం దినాలాయ నాయనా. దప్పికైతాండాదంటే చాలదా, ఏడ్చి గూడా చూపించల్లా?"