అయస్కాంతం బంగారాన్ని లాగదు

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం పీపా మీద మూత పెట్టినట్టు కొండల మీదికి దిగి కూర్చుంది. వాన పడాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. తిహోమిర్ మాస్టారు వాకిట్లో నిలబడి దాన్ని ఒకసారి చూసి, సారా కాయడానికి ఇంతకన్నా మంచి పూట ఉండదనుకున్నాడు. ఊరందరికీ ఉన్నది ఒకటే బట్టీ. చక్రాల మీద ఇంటింటికీ తిరుగుతుంది. ఇవాళ వంతు మాస్టారి ఇంటిది. తప్పిందంటే మళ్ళీ మంచు కురిశాకే. కొట్టం కింద మూడు పీపాల నిండా ప్లమ్ పళ్ళ గుజ్జు బాగా ఊరి, పొంగు అణిగి, ముక్కు దగ్గర పెడితేనే తల తిరిగేలా ఉంది.

గుజ్జు మీద కట్టిన తెట్టును చేత్తో విరిచి కలపడం ఆయన భార్య స్తామెంక పని. వయసు మీద పడి ఆమె వేళ్ళు సన్నబడ్డాయి. మూడు పీపాలూ కలిపి చెయ్యి కడుక్కునేటప్పుడు చూసుకుంటే వేలికి ఉంగరం లేదు.

"పెళ్ళి ఉంగరం జారిపోయింది," అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నట్టు.

తిహోమిర్ భయపడ్డాడు. ఉంగరం పోయినందుకు కాదు, దాన్ని వెతికే తీరు తలుచుకుని. అది ఆమె పెళ్ళి ఉంగరం కాదు. అసలుది, ఆయన బళ్ళో పాఠాలు చెప్పే రోజుల్లో, ఆమె రొట్టెల పిండి కలుపుతూ కిటికీలో తీసి పెట్టినప్పుడు ఆయన జేబులో వేసుకుని పోయాడు. ఆ రోజు పాఠం అయస్కాంతం. అది ఇనుమును లాగుతుంది, బంగారాన్ని లాగదు అని నోటితో చెబితే పిల్లలకు ఎక్కదని ఆయన నమ్మకం. ఉంగరం చేతులు మారుతూ వెనక బెంచీ దాకా వెళ్ళి, అక్కడ జారి, దొర్లి, గది వెచ్చబెట్టే పొయ్యి పక్కన నేల చెక్కల సందులోంచి కిందికి పోయింది. ఆదివారం వెళ్ళి చెక్కలు ఊడదీశాడు. దుమ్మూ సుద్దముక్కలూ తప్ప ఏమీ దొరకలేదు. సంతలో అచ్చం అలాంటిదే ఒకటి కొని కిటికీలో పెట్టాడు. పెట్టేముందు అలవాటు కొద్దీ అయస్కాంతం దగ్గరికి తీసుకెళితే, టక్కున ఎగిరి అతుక్కుంది. బంగారు పూత పూసిన ఉక్కు.

రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు ఇన్నేళ్ళయింది. ఈలోగా పిల్లలు తగ్గి బడికి తాళం పడింది.

అంతలో ఒబ్రాద్ ట్రాక్టరు వెనక బట్టీని లాక్కుంటూ వచ్చాడు. ఒబ్రాద్ పక్కింటివాడే కాదు, వాళ్ళకు కూమ్ కూడా. అంటే పెళ్ళిలో ఉంగరాలు చేతపట్టుకుని పక్కన సాక్షిగా నిలబడ్డవాడు. అన్నదమ్ములు విడిపోవచ్చు గానీ కూముల మధ్య మాట జారడానికి వీల్లేదు. ఒబ్రాద్‌కు ఇంకో సంగతి ఉంది. పాత సినిమాహాలు లౌడుస్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి, అరచేయంత, తాడు కట్టి ఎప్పుడూ ట్రాక్టరు మడ్‌గార్డుకు అంటించుకుని తిరుగుతాడు. ఊళ్ళో ఎవరి బొక్కెన బావిలో పడ్డా అదే తీస్తుంది.

సంగతి వినగానే ఒబ్రాద్ చెయ్యి అయస్కాంతం మీదికి పోయింది.

"దానితో కాదు కూమా," అన్నాడు తిహోమిర్. "అయస్కాంతం బంగారాన్ని లాగదు."

ఒక్కసారి దించి చూస్తే పోయేదేముంది అన్నాడు ఒబ్రాద్. పీపాలకు ఇనుప పట్టీలున్నాయనీ, ఇంత అయస్కాంతం వాటిని పట్టుకుందంటే పలకలు సడలి గుజ్జంతా కారిపోతుందనీ మాస్టారు వివరించాడు. బళ్ళో ఎప్పుడూ ఇంత చక్కగా వివరించలేదు. అందులో బంగారం సంగతి అక్షరాలా నిజం. నిజం మాట్లాడుతూ కూడా అంత చెమట పడుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

"చదువుకున్నోడివి. నువ్వు కాదంటే కాదు," అని ఒబ్రాద్ అయస్కాంతాన్ని మళ్ళీ మడ్‌గార్డుకు అంటించేశాడు. ఆ నమ్మకం మాస్టారికి మేకులా గుచ్చుకుంది.

ఇక మిగిలింది వడకట్టడం. ఉంగరం కాగులోకి పోతే అడుగంటి మాడిపోతుంది కాబట్టి, వడకట్టందే గుజ్జు పొయ్యెక్కదు. ముందు పిండి జల్లెడ తెచ్చారు. మొదటి పీపా సగంలోనే దాని అడుగు ఊడింది. తరవాత దుప్పటి పట్టుకున్నారు. గింజల బరువుకు అది చిరిగి, గుజ్జంతా వాకిట్లో పారింది. స్తామెంక లోపలికెళ్ళి పండగ గదిలోని జాలీ తెర విప్పుకొచ్చింది. తన కాన్పులప్పుడు కూడా ఆ తెర అక్కణ్ణుంచి కదల్లేదని గుర్తుచేసింది గానీ, ఇచ్చింది. రెండో పీపా అయ్యేసరికి తెర ఊదారంగుకు తిరిగింది, ఆ గుజ్జు కూడా అంచుల మీంచి జారి వాకిట్లోనే కలిసింది. ఉంగరం మాత్రం లేదు.

వాసనకు కంచె కింద నుంచి దూరి ఒబ్రాద్ పంది వచ్చింది. నెల తిరిగితే ఈనాల్సిన పంది. వాకిట్లో పారినదంతా తృప్తిగా జుర్రుకుని, రెండడుగులు పక్కకు వేసి, ట్రాక్టరు చక్రానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

మిగిలింది మూడో పీపా. వెతుకులాట ఇక్కడితో ఆగిపోతే చాలుననిపించింది తిహోమిర్‌కు.

"పంది మింగేసుంటుంది," అన్నాడు. "పోనీలే. వస్తువే కదా."

ఒబ్రాద్ పందిని చాలాసేపు చూశాడు. తరవాత ఇంటికెళ్ళి కత్తి పట్టుకొచ్చాడు.

"అదేంటి కూమా!"

"నా చేత్తో పట్టుకున్న ఉంగరం అది. చర్చిలో, దేవుడి ముందు. నా పంది కడుపులో ఉందని తెలిసీ ఊరుకుంటానా?"

"కడుపుతో ఉందయ్యా అది."

"తెలుసు. పొద్దున మేత పెట్టింది నేనే." ఒబ్రాద్ చొక్కా చేతులు పైకి మడిచాడు. ముఖం పాలిపోయి ఉంది. "నువ్వు లోపలికెళ్ళు. నీ పీపా వాసనకు వచ్చిందన్న బాధ నీకొద్దు, నువ్వు చూడక్కర్లేదు."

పంది నిద్రలోనే గురక మార్చింది. స్తామెంక తడి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంటూ మొగుణ్ణే చూస్తూ నిలబడింది. తిహోమిర్‌కు జీవితంలో ఏ పరీక్షలోనూ ప్రశ్న ఇంత తేలికగా రాలేదు, జవాబు ఇంత బరువుగానూ లేదు.

"కత్తి అవతల పెట్టు," అన్నాడు చివరికి. "అయస్కాంతం తే."

"బంగారాన్ని లాగదన్నావుగా."

"లాగదు."

"మరి?"

"తే."

తాడు ఆయనే పట్టుకుని మూడో పీపాలోకి దించాడు. పట్టీలు సడల్లేదు, పలకలు కదల్లేదు. అడుగున ఒక పక్క నుంచి ఇంకో పక్కకు లాగుతుంటే ఏదో చిన్నది వచ్చి తగిలినట్టు తాడు వణికింది. పైకి తీశాడు. గుజ్జు కారిపోయాక ఒక తుప్పు మేకూ, దాని పక్కనే ఉంగరమూ కనిపించాయి.

ఒబ్రాద్ ఉంగరాన్ని ఊడదీశాడు. వేళ్ళ మధ్య నుంచి అది మళ్ళీ ఎగిరి అయస్కాంతానికి అతుక్కుంది. ఇంకోసారి ఊడదీశాడు. మళ్ళీ అంతే. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

స్తామెంక వచ్చి ఉంగరం తీసుకుని, ఏప్రన్‌తో తుడిచి, కుడిచేతి వేలికి పెట్టుకుంది.

"నాకు తెలుసు," అంది. "బడి మూసినప్పుడు గుర్రపు లాడం అయస్కాంతం ఇంటికి తెచ్చి, గడియారాలు ఆగిపోతాయని అల్మారాలో దాచావు కదా. కుట్టుపని అయ్యాక దానితోనే గుండుసూదులు ఏరేదాన్ని. నువ్వు కునుకు తీసినప్పుడు. మొదటిరోజే సూదులతో పాటు నా వేలు కూడా దాని మీదికి పోయింది."

"అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశా."

"ఏమనుకున్నావు?"

ఆమె వేలి మీది ఉంగరాన్ని ఒకసారి తిప్పింది.

"ఎవతెకో ఇచ్చావనుకున్నా. చర్చిలో, పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ చూసేదాన్ని. పాపం, మన వీధి రూజిత్సా పోయినప్పుడు కూడా ముందు దాని వేళ్ళే చూశా."

తిహోమిర్ తాడు కింద పెట్టాడు. "బడి నేల కింద ఉంది," అన్నాడు. "పాఠం కోసం పట్టుకెళ్ళా. అయస్కాంతం బంగారాన్ని లాగదని చూపించడానికి."

"పాఠం కోసం," అంది స్తామెంక.

మిగిలిన ఒక్క పీపాతోనే బట్టీ వెలిగించారు. ఆ ఏడు సారా రెండు సీసాలకు మించలేదు. పంది సాయంత్రానికి లేచి, ఎవరి వైపూ చూడకుండా ఇంటికెళ్ళింది. బట్టీ పెట్టిన ఇంట్లో తినకుండా కూమ్ వెళ్ళకూడదు కాబట్టి ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె, ఊరబెట్టిన మిరపకాయలు. ఒబ్రాద్ ఏమరుపాటున అయస్కాంతాన్ని బల్ల మీదే, స్తామెంక కంచానికి కుడిపక్కన పెట్టాడు. ఉప్పు చెంచా మెల్లగా జరుగుతూ వెళ్ళి దానికి అతుక్కుంది. ఎవరూ తీయలేదు, ఎవరూ ఉప్పు అడగలేదు.

స్తామెంక ఆ పూట ఎడమచేత్తో తింది.