పునీత టుడెక్ చర్చి తాళంచెవి

శనివారం పొద్దున్న ఎనిమిదికల్లా గుల్వెన్ కొజానె ఆ రోజు కార్యక్రమమంతా కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పదింటికి బస్సు దిగేవాళ్ళకు స్వాగతం. పదింబావుకు నిలువురాయి, పదిన్నరకు ఊటబావి, పదకొండింటికి పునీత టుడెక్ చర్చి. పన్నెండున్నరకు తన పెరట్లో గాలెట్లు అనే అట్ల విందు. మధ్యలో వానకు కూడా పది నిమిషాలు కేటాయించాడు.

ప్లూవెనెక్ ఊళ్ళో చర్చి సంఘానికి అతను అధ్యక్షుడై మూడు నెలలే అయింది. ఇరవై ఏడేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న నయిగ్‌ను రెండు ఓట్ల తేడాతో దింపాడు. ఆమె అతని భార్య అజెనోర్‌కు స్వయానా పిన్ని. ఆ రెండు ఓట్లలో అజెనోర్ ఓటు ఉందో లేదో అడిగే ధైర్యం అతనికి ఇప్పటికీ చాలలేదు.

"ఇరవై ఏడేళ్ళలో మన చర్చిని జిల్లా నడకదారుల పటంలోకి ఎక్కించలేకపోయింది. నేను ఏడాదిలో ఎక్కిస్తా" అని బార్‌లో అందరి ముందూ శపథం చేశాడు. పటంలో లేని దారికి ముళ్ళపొదలు కొట్టించడం వచ్చే ఏడాది నుంచి మానేస్తామని పురపాలకవాళ్ళు ఉత్తరం రాశారు. ఆ పొదలు రెండేళ్ళు వదిలేస్తే చర్చినే మింగేస్తాయి. పటం తయారుచేసే మదాం బ్రొస్సార్ అయిదేళ్ళకొకసారి వస్తుంది. ఈ రోజే వస్తోంది, ఇరవై రెండు మంది నడకరాయుళ్ళను వెంటబెట్టుకుని.

గుమ్మం ముందు ఒక బుట్ట ఉంది.

"పిన్ని పెట్టి వెళ్ళినట్టుంది, గాలెట్లకి గుడ్లు" అంది అజెనోర్ వంటింట్లోంచి.

"ఓడినా పెద్దరికం పోలేదు మహాతల్లికి" అంటూ గుల్వెన్ బుట్ట ఎత్తాడు. "గుడ్లు పెట్టిందా, రాళ్ళు పెట్టిందా? ఇంత బరువేమిటి?"

"ఆరు డజన్లు మరి! చల్లగా ఉండే గదిలో పెట్టు. అట్ల మీద కొట్టేటప్పుడు తీసుకుంటా."

పెట్టేసి వెళ్ళిపోయాడు.

నిలువురాయి దగ్గర అంతా సవ్యంగా జరిగింది. ఊటబావి దగ్గరా అంతే. పదకొండింటికి రెండు నిమిషాలు తక్కువుండగా చర్చి ముందు నిలబడి, "ఒక్క నిమిషం, తాళంచెవి తెస్తాను" అన్నాడు. ఆ తాళంచెవి జానెడు పొడవుంటుంది. చర్చికి ఎదురింట్లో మారివోన్ వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. అతని తాతలనాటి నుంచీ అదే మేకు.

మేకు ఉంది. తాళంచెవి లేదు.

"తాళంచెవా?" అంది మారివోన్. "మొన్న ఆదివారం హుకుం జారీ చేసింది నువ్వే కదయ్యా, ఇకమీదట అది అధ్యక్షుడి ఇంట్లోనే ఉండాలని? జోబిగ్ మీ వైపు పోతున్నాడంటే బుధవారం వాడి చేతికిచ్చా."

ఆ ఊళ్ళో ఏ వస్తువునూ పనిగట్టుకుని ఎవరూ మోయరు. అటువైపు పోయేవాళ్ళ చేతికిస్తారు. ఎరువుబస్తా అయినా, పెళ్ళిపత్రిక అయినా అంతే. అలా ఇచ్చింది ఎప్పటికో ఒకప్పటికి చేరుతుంది. ఆరు రోజులైనా తాళంచెవి తన ఇంటికి చేరకపోయేసరికి, తన హుకుంను ఎవరూ లెక్కచేయలేదనుకుని గుల్వెన్ లోలోపల నొచ్చుకున్నాడు. ఇప్పుడు చూస్తే అందరూ లెక్కచేసినట్టే ఉంది.

అతిథుల వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "చర్చికన్నా ముందు జోబిగ్ పొలంలో పాతకాలం రొట్టెల పొయ్యి చూద్దాం. అది చాలా ముఖ్యమైనది."

"ఎక్కడికి?" అంది మారివోన్. "కాఫీ తాగకుండానే?"

"ఇరవై నాలుగు మంది ఉన్నాం మారివోన్. నిలబడే తాగేస్తాంలే."

"నా ఇంట్లో నిలబడి కాఫీ తాగింది పోస్ట్‌మాన్ ఒక్కడే. వాడికి మోకాలు వంగదు గనక ఊరుకున్నా."

నలభై నిమిషాలు పట్టింది. పెళ్ళినాటి కప్పులు కిందికి దిగాయి. బీరువాలా తలుపులున్న చెక్కమంచం చూపించి, "మా నాయనమ్మ పదకొండు మందిని దీంట్లోనే కంది. తలుపు మూసుకుని" అంది మారివోన్. జనం వంతులవారీగా లోపలికి తొంగిచూశారు. మదాం బ్రొస్సార్ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఆలస్యం రాసుకుంటోందనుకుని గుల్వెన్ గడియారం చూసుకున్నాడు.

జోబిగ్ పొలానికి చేరేసరికి పన్నెండు దాటింది.

"రొట్టెల పొయ్యి చూడ్డానికొచ్చారు" అన్నాడు గుల్వెన్, కళ్ళతోనే బతిమాలుతూ.

"పొయ్యా? దాన్లో కుక్క ఈనింది" అన్నాడు జోబిగ్.

ఇక ఆ ఇరవై రెండు మందిని పట్టడం ఎవరి తరం? ఏడు కుక్కపిల్లలు ఒక్కొక్కటీ చేతులు మారాయి. ఇంతమంది వచ్చాక ఊరుకుంటే మర్యాద కాదని జోబిగ్ ఆపిల్ కల్లు పీపా విప్పాడు. గుల్వెన్ అతన్ని పక్కకు లాగి తాళంచెవి సంగతి అడిగాడు.

"అదా? నిన్న సాయంత్రం నయిగ్‌కిచ్చేశా."

ఆ పేరు విన్నాక జోబిగ్ ఇంకా ఏదో చెప్పాడు కానీ గుల్వెన్ చెవికి ఎక్కలేదు. అంతా అర్థమైపోయిందనిపించింది. కావాలనే చేసింది! మదాం బ్రొస్సార్ ముందు తన పరువు తీయడానికే దాచింది. ఆ గుడ్లు కూడా అనుమానం రాకుండా ఉండడానికే. కోపంతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

అంతలో ఫోన్ మోగింది. అజెనోర్. అట్లు చల్లారిపోతున్నాయని తిడుతుందని కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి మోగేసరికి ఫోనే ఆపేశాడు.

"తర్వాత ఏం చూస్తాం?" అంది మదాం బ్రొస్సార్, కల్లు గిన్నె కింద పెడుతూ.

"బట్టలుతికే రేవు" అన్నాడు గుల్వెన్ పళ్ళ బిగువున. నయిగ్ ఇల్లు ఆ రేవు పక్కనే.

సగం దారిలో వాన మొదలైంది. కేటాయించిన పది నిమిషాలు దాటినా కురుస్తూనే ఉంది. తడిసి ముద్దైన జనాన్ని కిటికీలోంచి చూసి నయిగ్ తలుపు బార్లా తెరిచింది. ఎవరినీ ఏమీ అడగలేదు. పొయ్యిలో కట్టెలు వేసింది, తువ్వాళ్ళు పంచింది, వెన్న కేకు కోసింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, బొంగరంలా తిరిగింది. ఎవరో రేవు గురించి అడిగితే, అక్కడ ఎవరి బట్టలు చూసి ఎవరి రహస్యాలు బయటపడేవో చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లంతా నవ్వులు.

గుల్వెన్ ఇక ఓర్చుకోలేకపోయాడు. "పిన్నత్తా, నాటకాలు చాలు. తాళంచెవి ఇలా ఇవ్వు."

తల తుడుచుకుంటున్నవాళ్ళంతా అటు తిరిగారు.

"ఏ తాళంచెవి నాయనా?"

"చర్చిది! జోబిగ్ నీకే ఇచ్చాడు."

"ఇచ్చాడు. పొద్దున్నే మీ గుమ్మంలో పెట్టొచ్చా, గుడ్లబుట్ట అడుగున. అధ్యక్షుడి ఇంట్లోనే ఉండాలన్నావుగా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వ్యవహారం."

 ఆ బుట్టను లోపల పెట్టింది గుల్వెనే. అదే సమయానికి తలుపు తోసుకుని అజెనోర్ వచ్చింది. మోచేతుల దాకా పిండి, చేతిలో జానెడు తాళంచెవి.

"మూడుసార్లు ఫోన్ చేశా!" అంది. "నూట ఇరవై అట్ల పిండి కలిపి కూర్చున్నా. మీరిక్కడ కేకులు తింటున్నారా?"

తిరుగుప్రయాణానికి రమ్మని బయట బస్సు హారన్ కొట్టింది. మూడైంది. చర్చి ఎవరూ చూడలేదు. గుల్వెన్‌కు నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. శపథం పోతే పోనీ, ఆ ముళ్ళపొదలు చర్చిని మింగేయకుండా ఆపేదెవరు?

మదాం బ్రొస్సార్ పుస్తకం మూసింది. "ఈ కార్యక్రమం ఎవరు ఏర్పాటు చేశారు?"

నయిగ్ నోరు విప్పబోయింది. ఆమెకన్నా ముందే గుల్వెన్ అన్నాడు: "ఎవరూ చెయ్యలేదు మేడమ్. నేను తాళంచెవి పోగొట్టుకున్నా. మిగతాదంతా దాన్ని కప్పిపుచ్చుకోడానికి ఆడిన అబద్ధాలు."

"నేను నాలుగు వందల చర్చిలు చూశాను" అంది మదాం బ్రొస్సార్. "లోపల అన్నిట్లోనూ చలే. జనం ఇళ్ళలోకి పిలిచి కూర్చోబెట్టిన దారి మాత్రం ఇదొక్కటే. పటంలో వేస్తున్నా. జులై, ఆగస్టు నెలల్లో ప్రతి శనివారం. ఒకటే షరతు, ఇదంతా అచ్చం ఈ రోజులాగే జరగాలి. మరి తాళంచెవి పోగొట్టే బాధ్యత ఎవరిది?"

గుల్వెన్ ఛాతీ ఉబ్బింది, నోరు తెరిచాడు. కానీ గదిలో ఉన్నవాళ్ళంతా అప్పటికే నయిగ్ వైపు చూస్తున్నారు. వాళ్ళలో అజెనోర్ కూడా ఉంది. ఆ రెండు ఓట్లలో ఆమెది లేదని అతనికి అప్పుడు తెలిసింది.

ఆ వేసవిలో తొమ్మిది శనివారాలూ నయిగ్ తాళంచెవిని వేళకు పోగొట్టింది.