ట్రయల్ గారు కనబడుటలేదు

పొద్దున్న ఏడింటికల్లా ఆసుపత్రికి చేరాలి. ఎవరూ రాకముందే కుడిచేతికి పరీక్ష చేయించుకోవాలి. ఎనిమిదింటికి ఏమీ ఎరగనట్టు తన కుర్చీలో తాను కూర్చోవాలి. ఆ శుక్రవారానికి పెద్దక్క వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికేముంది అనుకుంది.

పెద్దక్క ఆ ఆసుపత్రిలో నరాల పరీక్షల విభాగానికి చీఫ్ టెక్నీషియన్. ఆమె కింద ఆరుగురు పనిచేస్తారు. ముగ్గురు తలకి వైర్లు అతికించి మెదడు గీతలు తీస్తారు. మిగతా ముగ్గురూ చేతులకీ కాళ్ళకీ చిన్నచిన్న షాకులిచ్చి నరం ఎంత చురుగ్గా ఉందో కొలుస్తారు. ఆరుగురికీ ఆమె పెద్దక్కే. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టినప్పుడు మాత్రం మేడమ్.

ఆమె కుడి బొటనవేలి కింది కండ నాలుగు రోజులుగా అదురుతోంది. చర్మం కింద చీమ పాకుతున్నట్టు టకటకమని అదరడం, ఆగడం, మళ్ళీ అదరడం. ఇంకొకరైతే నిద్ర చాలలేదేమో అనుకుని ఊరుకుందురు. పెద్దక్కకి ఆ అదృష్టం లేదు. అలాంటి అదురుకి ముప్ఫై కారణాలుంటే అందులో ఇరవై తొమ్మిది ఉత్తవేనని ఆమెకి తెలుసు. ముప్ఫయ్యోది చేతుల్లో మొదలై, ఒక్కో కండనీ కరిగించుకుంటూ మనిషిని మంచానికి అప్పగించి, ఆఖరికి ఊపిరి దాకా వస్తుంది. ఆ జబ్బు పేరు ఆమె పైకి అనదు. అది వచ్చినవాళ్ళ చేతులెన్నో తన ఒళ్ళో పెట్టుకుని పరీక్ష చేసింది. నాలుగు రోజులుగా ఆమెకి ఇరవై తొమ్మిదీ గుర్తుకు రావడం మానేశాయి.

డాక్టరుకి చెబుదామంటే నామోషీ. డాక్టరు చీటీ లేకుండా సిబ్బంది ఎవరూ మిషను మీద సొంత పరీక్షలు చేసుకోరాదని గోడకి కాగితం అతికించింది తనే, కింద సంతకం కూడా తనదే. అందుకని దొంగతనంగా చేయించుకోవడానికి తన ఆరుగురిలో నిదానాన్ని ఎంచుకుంది. అతని అసలు పేరు జీతాల విభాగంవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. కడుపులో మాట నాలిక మీదికి రావడానికి అతనికి కనీసం వారం పడుతుందని ఆమె ధైర్యం.

"పేరేం కొట్టమంటారు పెద్దక్కా? పేరు లేందే మిషను ముందుకి పోదు."

"ఏదో ఒకటి. ట్రయల్ అని కొట్టు."

"వయసు?"

"యాభై ఒకటి."

"ఫోన్ నంబరు కూడా అడుగుతోంది."

పెద్దక్క నోటికొచ్చిన నంబరు చెప్పేసింది. ఎవరికైనా నోటికొచ్చేది సొంత ఇంటి నంబరే.

నిదానం ఆమె మణికట్టు తుడిచి, బొటనవేలి మీద వైర్లు అతికించి, షాకిచ్చే పరికరం ఆనించాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చానుగా."

"నాకేం తెలియలేదే!"

"ఈ వారం అందరూ అదే మాట పెద్దక్కా. నీ చెయ్యెంత మెత్తన బాబూ, నొప్పే తెలియలేదు అంటున్నారు," అన్నాడు నిదానం కాస్త గర్వంగా.

పెద్దక్క వినడంలేదు, తెర వంక చూస్తోంది. ఆరోగ్యంగా ఉన్న నరమైతే అక్కడ కొండంత గీత లేవాలి. నేల మీద రాలిన వెంట్రుకలాంటి గీత ఒకటి పడుకుని ఉంది. షాకు పెంచమంది. వెంట్రుక కాస్త వంగింది, అంతే. ఎడమచెయ్యి చూడమంది. అక్కడా వెంట్రుకే. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క చెయ్యయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందనుకోవచ్చు. రెండు చేతులూ అలాగే ఉన్నాయంటే, పైగా షాకు తగిలినా తెలియలేదంటే, ఇంక అనుకోవడానికేం మిగల్లేదు.

"చెరిపెయ్," అంది.

నిదానం కళ్ళజోడు తుడుచుకున్నాడు. మౌస్ కోసం చెయ్యి చాచాడు. చెరపాల్సిన మీట ఎక్కడుందో వెతుక్కున్నాడు. ఈలోగా గడియారం ఎనిమిది కొట్టింది. పూర్తయిన పరీక్షలన్నీ ఎనిమిదింటికల్లా డాక్టరు తెర మీదికి వాటంతటవే వెళ్ళిపోయే ఏర్పాటు కిందటేడు పట్టుబట్టి పెట్టించింది పెద్దక్కే.

"వెళ్ళిపోయింది పెద్దక్కా," అన్నాడు నిదానం.

తొమ్మిది కాకుండానే న్యూరాలజిస్టు ఫోన్ చేశాడు. కుర్రవాడు, చురుకైనవాడు. గొంతులో దిగులుకంటే హుషారే ఎక్కువ వినిపించింది. "పెద్దక్కగారూ, ఈ ట్రయల్ గారెవరండీ? ఏ దేశం మనిషో పాపం! రెండు చేతులూ పోయాయి. ఆవిణ్ణి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటికి పంపొద్దు. ఈ వారంలో ఇది ఇరవై నాలుగో కేసు, తెలుసా? ఈ చుట్టుపక్కల ఏదో కొత్త జబ్బు బయల్దేరింది. నేనొక వ్యాసం రాస్తున్నాను."

అది తన చెయ్యేనని ఆ క్షణంలో చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ 'రెండు చేతులూ పోయాయి' అన్న మాట డాక్టరు నోట విన్నాక పెద్దక్కకి మాట రాలేదు. వచ్చిన మాటేమో అబద్ధం.

"బాత్‌రూముకి వెళ్ళారండీ."

"రాగానే వార్డుకి పంపండి. మంచం చెప్పేశాను."

పెద్దక్క ఫోన్ పెట్టేసి తెల్లకాగితం తీసుకుంది. చేతులు పనిచేస్తుండగానే రాసిపెట్టాల్సినవి చాలా ఉన్నాయి. రెండో నంబరు మిషను సొరుగు కింద నుంచి తన్నితే తప్ప తెరుచుకోదు. చిన్నపిల్లలకి వైర్లు అతికించేటప్పుడు ముందు బొమ్మ తలకి అతికించి చూపించాలి. నిదానాన్ని ఎవరూ కసరకూడదు, కసిరితే ఇంకా నెమ్మదిస్తాడు. ఇంత రాసేసరికి అక్షరాలు తడిసి అలుక్కుపోయాయి. ఇంట్లో ఆయనకి ఏం రాయాలో తోచలేదు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. ఏం రాసినా ముందు తప్పులు చూస్తాడు.

పదింటికి వార్డు సిస్టర్ ఫోన్ చేసింది, ట్రయల్ గారు ఇంకా రాలేదని. పదింపావుకి ఆసుపత్రంతా మైకు మోగింది: "నరాల విభాగంలో పరీక్ష చేయించుకున్న ట్రయల్ గారు ఎక్కడున్నా వెంటనే రెండో అంతస్తు వార్డుకి రావలెను." కిందటి నెలలో ఒక పెద్దాయన ఈ ఆసుపత్రిలోనే దారితప్పి, రెండు రోజుల తర్వాత దుప్పట్ల గదిలో దొరికాడు. అప్పట్నించీ పేషెంటు కనబడకపోతే గేట్లు మూసేయాలని సూపరింటెండెంటు ఉత్తర్వు. పదిన్నరకి గేట్లు మూసేశారు. లోపలివాళ్ళు బయటికి పోలేక, బయటివాళ్ళు లోపలికి రాలేక గోల మొదలైంది. గార్డులు బాత్‌రూముల తలుపులు కొడుతూ తిరిగారు. లోపల ఉన్న ఆడవాళ్ళంతా తాము ట్రయల్ గారు కాదని గట్టిగా అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది.

"నిజం చెప్పేద్దాం పెద్దక్కా," అన్నాడు నిదానం.

"ఎలా చెప్పను? గేట్లు కూడా మూసేశారు. ఉద్యోగం పోతుంది."

అన్నాక ఆమెకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. చేతులే పోతుంటే ఉద్యోగం ఉండి ఏం చేస్తుంది?

ఈలోగా వార్డు సిస్టర్ ఊరుకోకుండా ట్రయల్ గారి పరీక్ష కాగితంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. పెద్దక్క భర్త ఎత్తాడు. ట్రయల్ అన్నవాళ్ళు ఇక్కడెవరూ లేరన్నాడు. యాభై ఒక్కేళ్ళ ఆవిడ, బొటనవేలి కండలు, రెండు చేతులూ పోయాయి, మనిషి కనబడటంలేదు అని సిస్టర్ వివరంగా చెప్పింది. నాలుగు రోజులుగా భార్య అన్నం తింటూ తింటూ ఆగి బొటనవేలు చూసుకోవడం ఆయన గమనిస్తూనే ఉన్నాడు. ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకొచ్చి, మూసిన గేటు పట్టుకుని "మా ఆవిడ! మా ఆవిడ!" అని ఊపేశాడు. గార్డులు ఆయన్ని లోపలికి లాగి సూపరింటెండెంటు ముందు నిలబెట్టారు.

"ఏమయ్యా, మీ ఆవిడ పేరు ట్రయలా?"

"కాదండీ." ఆయన బల్ల మీదున్న ఆ పరీక్ష కాగితం అందుకుని ఒకసారి చదివాడు. "ఇందులో వయసు కూడా తప్పే. యాభై ఒకటి కాదు, యాభై రెండు నిండాయి. మీ నరాల విభాగంలో పెద్దక్క అంటారే, ఆవిడే మా ఆవిడ."

అయిదు నిమిషాల్లో సూపరింటెండెంటూ న్యూరాలజిస్టూ భర్తా కలిసి పరీక్షల గదిలోకి వచ్చిపడ్డారు. పెద్దక్క లేచి నిలబడి అంతా చెప్పేసింది. ఆ అదురు గురించీ, దొంగ పరీక్ష గురించీ, బాత్‌రూము అబద్ధం గురించీ. చెబుతున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకునే ఉంది.

"గేట్లు మూయించావా అమ్మా! నువ్వు నీ కుర్చీలోనే ఉండగా నీ కోసం ఆసుపత్రంతా వెతికించామా!" అని సూపరింటెండెంటు పళ్ళు నూరాడు. "మెమో ఇస్తాను."

"ఇవ్వండి సార్. త్వరగా ఇవ్వండి. తర్వాత సంతకం పెట్టి తీసుకోలేనేమో."

భర్త ఆమె చెయ్యి ముందుకి లాక్కుని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "నాకు చెప్పొచ్చుగా?" అన్నాడు. ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"అబ్బా, కొంచెం వదులు. వేళ్ళు విరిగేలా ఉన్నాయి," అన్నాడాయన.

న్యూరాలజిస్టు తలెత్తాడు. తన చెయ్యి నొక్కి చూపించమన్నాడు. ఆమె నొక్కింది. ఆయన మొహం ముడుచుకుంది. "ఇంత బలం ఉన్న చెయ్యి ఇరవై నాలుగో కేసు ఎలా అవుతుంది?" అని గొణుక్కుని, నిదానం చేత మళ్ళీ పరీక్ష చేయించాడు. వెంట్రుకే వచ్చింది. "మామూలు నరం ఎలా ఉంటుందో చూడండి," అంటూ ఠీవిగా తన చెయ్యి చాచాడు. తెర మీద ఆయనకీ వెంట్రుకే వచ్చింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అంత భయంలోనూ పెదవులు మాత్రం "ఇరవై అయిదు" అన్నట్టు కదిలాయి.

"అంటుకునే జబ్బా ఏంటయ్యా?" సూపరింటెండెంటు రెండడుగులు వెనక్కి వేశాడు. అందరూ కలిసి బలవంతాన ఆయన్ని కుర్చీలో కూలేశారు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, కాసేపటికి తెరిచి, "ఇంకా ఇవ్వలేదా?" అన్నాడు. ఇచ్చి నిమిషమైంది. ఆయనదీ వెంట్రుకే. భర్తదీ వెంట్రుకే.

పెద్దక్క ఆ నాలుగు గీతలూ చూసింది. నాలుగు రోజులుగా ఎక్కడికో పోయిన ఆమె బుర్ర వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ప్రూఫులు దిద్దే మనిషికీ సూపరింటెండెంటుకీ ఒకే పూట నరాలు చచ్చిపోవు. ఆమె వంగి, షాకిచ్చే పరికరం వైరు పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ పోయింది. బల్ల కాలు దగ్గర ఒకచోట వైరు చదునుగా, మెత్తగా తగిలింది. పైతొడుగు బాగానే ఉంది, లోపల చాలావరకు తెగిపోయింది. అలమర్లోంచి కొత్త వైరు తీసి బిగించి, తన చెయ్యే చాచి "ఇప్పుడివ్వు," అంది.

"అమ్మో!" బొటనవేలు ఎగిరిపడింది. తెర మీద కొండంత గీత లేచింది. పెద్దక్క నొప్పికి ఏడ్చిందో సంతోషానికి ఏడ్చిందో ఆమెకే తెలియదు.

"సోమవారం మంచం చక్రం దాని మీంచి ఎక్కింది పెద్దక్కా," అన్నాడు నిదానం. "చెబుదామనే అనుకుంటున్నా."

ఎవరూ అతన్ని కసరలేదు. కసరడానికి ఓపిక లేదు. పెద్దక్క ఆనందం అరనిమిషం కూడా నిలవలేదు. సోమవారం నుంచి ఆ మిషను మీద ఇరవై ముగ్గురికి పరీక్ష చేశారు. ఇరవై ముగ్గురికీ నరాలు దెబ్బతిన్నాయని కాగితాలు వెళ్ళాయి, న్యూరాలజిస్టు సంతకాలతో సహా. ప్రతి మంగళవారం ఆరోగ్యంగా ఉన్న చెయ్యి ఒకటి పెట్టి మిషను సరిచూడటం ఆమె పని. ఈ మంగళవారం ఆ సమయంలో ఆమె తలుపేసుకుని, పాత పుస్తకాల్లో బొటనవేళ్ళ గురించి చదువుతోంది. నాలుగు రోజులుగా తను పడ్డ నరకంలోకి ఇరవై ముగ్గురిని తోడు తీసుకెళ్ళింది. ఆ లెక్క తెలిశాక ఆమె కొత్త కొండ వంక చూడలేకపోయింది.

న్యూరాలజిస్టు జేబులోంచి వ్యాసం కాగితాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, చెత్తబుట్ట పక్కన పడేశాడు. బుట్టలో పడేసేంత గురి కూడా మిగల్లేదు. సూపరింటెండెంటు గేట్లు తెరిపించి, మెమో ఆపి, దానికంటే పెద్ద శిక్ష వేశాడు. సాయంత్రంలోపు ఇరవై ముగ్గురికీ పెద్దక్కే స్వయంగా ఫోన్ చేసి, పరీక్ష తప్పు, మళ్ళీ రమ్మని చెప్పాలి.

మొదట ఎత్తినాయన పూర్తిగా విని, "నిన్ననే మా ఆఫీసరు మొహం మీద అనాల్సినవన్నీ అనేసి రాజీనామా పారేసి వచ్చానమ్మా. ఎలాగూ పోయేవాణ్ణే కదా అని," అన్నాడు. రెండో ఆవిడ గొంతు తగ్గించి, "మూడు రోజుల్నించీ గిన్నెలు మా ఆయనే తోముతున్నాడు. ఇంకో వారం ఆగి చెబితే మీకేం పోయిందండీ?" అంది. ఒక ముసలాయన "నిజంగానా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమె నిజంగానేనంది. ఆయన ఫోన్ పెట్టేయడం మర్చిపోయి ఏడుస్తుంటే పెద్దక్క వింటూ కూర్చుంది. మిగతావాళ్ళు తిట్టారు. ఆమె కాదనలేదు, ఒక్కొక్కరి తిట్లు పూర్తయ్యేదాకా ఉండి, రావాల్సిన టైము చెప్పి, పేరు పక్కన గీత గీసింది.

సాయంత్రం ఆరింటికి చూసుకుంటే, ఆ ఫోన్లన్నిటిలో ఆమెకి మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకటి రాంగ్ నంబరు.