తొమ్మిది, రెండు, ముప్పై నాలుగు

దేశదేశాల్లో పనివాళ్ళ నైపుణ్యానికి మార్కులేసి వరుస కట్టే సూచీ ఒకటి వెలువడింది. అందులో దేశానికి తొమ్మిదో స్థానం దక్కింది. ఆ సూచీ నమ్మదగిందేనని గణాంకాధికారి ఒక్క సంతకం పెట్టాలి. పెడితే, ఏళ్ళ తరబడి అందినట్టే అంది జారిపోతున్న ప్రమోషన్ సాయంత్రానికల్లా చేతికొస్తుంది.

"మా అన్నయ్యకి ముందే చెప్పేశాను," అంది భార్య గుమ్మంలో నిలబడి. "మీరు మళ్ళీ కెలక్కుండా సంతకం పెట్టేసి రండి."

కెలకడం అతని జబ్బు. ఆఫీసు గేటు దగ్గర ఆర్చి మీద పెయింటర్ నిచ్చెనెక్కి తొమ్మిది అంకె రాస్తుంటే చూసి కూడా అతని చేతులు ఊరుకోలేదు. సీట్లో కూర్చుని, సూచీ లెక్కలో చదువుకిచ్చిన వాటా కాస్త తగ్గించి, శిక్షణకి గోరంత పెంచి చూశాడు. దేశం ఎగిరి రెండో స్థానంలో కూర్చుంది.

"రెండా? ఇంత మంచి మాట కడుపులో దాచుకున్నావేమయ్యా?" వెనక నుంచి డైరెక్టర్ గొంతు. అంతలోనే కిటికీలోంచి పెయింటర్‌కి కేక, మంత్రిగారికి ఫోను అయిపోయాయి.

"సార్, గోరంత కదిపితే అంత దూకిందంటే ఆ సూచీని నమ్మకూడదు."

"దూకింది పైకే కదా."

"ఇటు కదిపితే చూడండి." దేశం జారి ముప్పై నాలుగులో పడింది.

డైరెక్టర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏంటిది?"

"సగం ప్రశ్నలకి మనం జవాబే పంపలేదు సార్. ఆ ఖాళీల్లో పక్క దేశాల సగటు నింపారు. అందుకే అందరి మార్కులూ ఒకేచోట ఇరుక్కుని, కాస్త కదిపితే స్థానాలు తారుమారవుతున్నాయి. ఇందులో మనదంటూ ఉన్న నైపుణ్యం సగమే."

"జవాబులు ఎవరు ఆపారు?"

తలుపు అవతల డైరెక్టర్ బల్ల మీద, టీ కప్పు కింద ఉన్న ప్రశ్నల ఫైలు వంక ఇద్దరూ చూశారు.

ఈలోగా మంత్రిగారి కారు వచ్చేసింది. ఆర్చి మీద తొమ్మిదిని సగం మింగిన రెండు ఇంకా ఆరలేదు.

"ఇంతకీ మనది ఎన్నో స్థానం?" అన్నారు మంత్రిగారు.

డైరెక్టర్ గణాంకాధికారిని ముందుకి నెట్టాడు. గణాంకాధికారికి ప్రమోషన్, బావమరిది, భార్య మొహం వరసగా గుర్తొచ్చాయి. అయినా అబద్ధం నోట రాలేదు. "రెండుకీ ముప్పై నాలుగుకీ మధ్య ఎక్కడైనా కావచ్చండి."

"మరి రెండు చేసిందెవరు?"

వేళ్ళన్నీ అతని వైపే తిరిగాయి. ఉద్యోగం కూడా ఊడిందనుకున్నాడు.

"కూర్చున్న చోటు నుంచే ఏడు మెట్లెక్కించాడా?" మంత్రిగారు అతన్ని ఎగాదిగా చూశారు. "ఇలాంటివాణ్ణి పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ సూచీలు మనకెందుకయ్యా? ఇతనికి పెద్ద కుర్చీ ఇచ్చి, మనకో సూచీ చేయించండి."

సాయంత్రం ప్రమోషన్ కాగితం చూసి భార్య మురిసిపోయింది. "కెలక్కపోతే ఎంత బాగుందో చూశారా?"

కొత్త సూచీ వచ్చింది, దేశానికి మొదటి స్థానం వచ్చింది. గణాంకాధికారి ఈసారి తనివితీరా కెలికి చూసి, ఎటు కదిపినా మొదటి స్థానం చెక్కుచెదరలేదని మనస్ఫూర్తిగా సంతకం పెట్టాడు. ఆ సూచీలో ఇంకో దేశం లేదు.